పాతాళభైరవి తీసింది సీమోడు.. సీమ బిడ్డకు మిగిలింది వేటకొడవలి

నవంబరు 14 వచ్చిందంటే మన బడుల్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. నెహ్రూ పటానికి పూలదండ, పిల్లోని చేతిలో ఒక చాక్లెట్టు, అయ్యవారి ఉపన్యాసం. మధ్యాహ్నానికి బడి ఖాళీ. అదే దినం హైదరాబాదులో ఏండ్ల తరబడి ఏం జరిగిందో మాత్రం మదనపల్లె బిడ్డకు ఎవరూ చెప్పలేదు. రెండేండ్లకొకసారి అక్కడ బంగారు ఏనుగు ఊరేగింది. దేశదేశాల పిల్లల సినిమాలు అక్కడ దిగినాయి. వాటిని చూసిన పిల్లలు అదృష్టవంతులు. వాళ్ల మీద మాకు కోపం లేదు. మా కోపమంతా ఆ ఏనుగును ఒకే గుంజకు కట్టేసినోళ్ల మీద.

దాని పూర్తి పేరు అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం. లోకమంతా బాలల సంవత్సరం జరుపుకున్న 1979లో మొదలైంది. కేంద్ర ప్రభుత్వం 1955లో పెట్టిన బాలల చలనచిత్ర సమితి దాన్ని నడిపింది. గెలిచిన బొమ్మకు బంగారు ఏనుగు బహుమతి. తొంభైల నడుమ నుంచి ఆ పండుగకు హైదరాబాదే స్థిర నివాసం. 2017 నవంబరులో 20వ పండుగ కూడా అక్కడే చేసినారు. అప్పటికి హైదరాబాదు మన రాష్ట్రమే కాదు. 2022లో ఆ సమితినే తీసుకుపోయి జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేసినారు. ఏనుగు ఉన్నప్పుడు మన వీధికి రాలేదు. ఇప్పుడు ఆ ఏనుగు కాపరికే సొంత ఇల్లు లేదు.

జిల్లాల్లో ఎప్పుడన్నా ఒక టాకీసులో పొద్దున ఆటగా ఒక పిల్లల బొమ్మ వేసి ఉండొచ్చు. మేము కాదనం. నాలుగు బడుల పిల్లల్ని వరుసలో నడిపించుకొనిపోయి, గంటన్నర కూర్చోబెట్టి, మళ్లీ వరుసలో తీసుకొచ్చేదాన్ని పండుగ అంటారా? పండుగంటే పిల్లోడు ఒక దినం ముందే నిద్ర మానుకోవాల. ఈ బొమ్మ చూడాలా, ఆ బొమ్మ చూడాలా అని తనకు తానే తేల్చుకోవాల. చూసినాక దాని గురించి కొట్లాడుకోవాల. అట్లాంటిది పుంగనూరులో జరిగిందా? కుప్పంలో జరిగిందా? కుప్పమంటే మారుమూల ఊరని తప్పించుకోను కూడా లేదు. నేటి ముఖ్యమంత్రి 1989 నుంచి గెలుస్తున్న నియోజకవర్గం అది. 1995 నుంచి 2004 దాకా ఆయనే ముఖ్యమంత్రి. బంగారు ఏనుగు హైదరాబాదులో కుదురుకున్నదీ ఆ కాలంలోనే. ఒక్క తొండమన్నా ఇటు తిప్పమని అడిగే మనిషి సచివాలయంలో లేకపోయినాడా?

ఇక్కడ మన మిత్రులే మమ్మల్ని నిలదీస్తారు. నిలదీసినారు కూడా. మొన్న ఒక సమావేశంలో ఉద్యోగ సంఘం పెద్దాయన ఒకరు లేచి, "ఏమప్పా, మనం కొట్లాడేది నీళ్లకు, కొలువులకు. హంద్రీ-నీవా కాలువ కోసం ఎన్నేండ్లు తిరిగినాం! టమోటా ధర పడిపోయి రైతు మండీలోనే గంపలు పారబోసిపోతా ఉంటే నువ్వు పిల్లోళ్లకు మాయలు మంత్రాల సినిమాలు అంటావేంది?" అన్నాడు. సభలో చప్పట్లు కూడా పడినాయి. ఆయన మీద మాకు గౌరవం ఉంది. ఉద్యమంలో మాకంటే ముందునుంచి ఉన్న మనిషి. అయినా ఆ మాటకు ఈ వారం పత్రికలో జవాబు చెప్పక తప్పదు. ఎందుకంటే ఆ మాట మనల్ని మనమే తక్కువ చేసుకొనే మాట. కరువు సీమకు కూడు తప్ప కథ అక్కరలేదని అవతలోడు అంటే కొట్లాటకు దిగుతాం. అదే మాట మనోడు అంటే చప్పట్లా?

అసలు తెలుగు తెర మీద మాయ పుట్టించింది ఎవరు? పాతాళభైరవి 1951లో వచ్చింది. తీసిన దర్శకుడు కె.వి. రెడ్డి. పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. మదనపల్లెలో బస్సెక్కితే కదిరి ఎంత దూరమో చెప్పనక్కరలేదు. ఆయన ఇంటిపేరులోనే మన ఊరుంది. పుట్టింది తాడిపత్రి సీమలో. గుణసుందరి కథ, మాయాబజార్, జగదేకవీరుని కథ, అన్నీ ఆయన చేతి బొమ్మలే. పాతాళభైరవి తీసిన విజయా సంస్థను చక్రపాణితో కలిసి నడిపిన బి. నాగిరెడ్డిది కడప జిల్లా పులివెందుల తాలూకా. 1947లో చందమామ పత్రిక మొదలుపెట్టింది కూడా ఆ ఇద్దరే. ఆ నాగిరెడ్డి అన్నగారు బి.ఎన్. రెడ్డి మల్లీశ్వరి తీసినాడు. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, అన్నకు 1974కు, తమ్మునికి 1986కు. 1952 జనవరిలో మన దేశపు మొట్టమొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం బొంబాయిలో జరిగితే దక్షిణాది నుంచి ఆడిన ఒకే ఒక్క బొమ్మ పాతాళభైరవి. చూసినారా? చిత్రోత్సవమన్నదే మన దేశంలో మొదలైన దినాన సీమోళ్లు తీసిన జానపద బొమ్మ అక్కడ ఆడింది. 70 ఏండ్ల తర్వాత సీమోడి మనవడికి చిత్రోత్సవమంటే ఏందో తెలియదు.

మరి మన బిడ్డలు సినిమాలో చూసిందేంది? సినిమావాళ్లు జానర్ అంటారు, మనం కోవ అందాం. పౌరాణికం ఒక కోవ, జానపదం ఒక కోవ, దయ్యాల బొమ్మ ఒక కోవ, సైన్సు కల్పన ఒక కోవ. ఒక్కొక్క కోవకు ఒక్కొక్క లోకం. తొంభైల ఆఖరుకు తెలుగు సినిమా ఒక కొత్త కోవ కనిపెట్టింది. దాని పేరు ఫ్యాక్షన్. దాని లోకం పేరు రాయలసీమ. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర, ఆ దారిలో ఎన్నో. 2023లో వీరసింహారెడ్డి దాకా ఆ సుమోలు ఆగలేదు. మనది తెర మీద ఊరు కాదు, యుద్ధభూమి. ఆడోళ్లు ఏడ్చేందుకు, మగోళ్లు నరుక్కునేందుకు, పిల్లోళ్లు పెద్దయినాక పగ తీర్చుకునేందుకు పుడతారు. ఇవన్నీ వాళ్ల కల్పనే గదా అని మేమూ అనుకుందుము, అది కల్పన అని ఎక్కడన్నా చెప్పి ఉంటే. పాతాళభైరవి చూసి నేపాళమంతా మాంత్రికులే ఉంటారని ఎవరూ నమ్మలేదు. ఫ్యాక్షన్ బొమ్మ చూసి సీమంతా బాంబులే అని రాష్ట్రమంతా నమ్మింది. హైదరాబాదు హాస్టళ్లలో చదివిన విద్యార్థి మిత్రులు చెప్పండి. "మీ ఇంట్లో బాంబులుంటాయంట గదా?" అని మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగినారు? నవ్వుతా అడిగినారు, నిజమే. మీరూ నవ్వినారు. కొందరు ఆ బిరుదును మీసం మాదిరి తిప్పుకున్నారు కూడా. మాకు భయమేసేది అక్కడే. మదనపల్లె పక్కన ఒక పల్లె బడిలో ఒకటో తరగతి పిల్లోని పేరడిగితే తొడగొట్టి చెప్పినాడు. చుట్టూ ఉన్న పెద్దోళ్లు మురిసిపోయినారు. ఆ బిడ్డకు సీమోడుగా ఉండేందుకు సినిమా ఒకే ఒక వేషం ఇచ్చింది. వాడు ఆ వేషమే కట్టినాడు.

అందుకే మేమంటున్నాం, ఇది కూడూ గుడ్డా తర్వాత చూసుకుందామనే పని కాదు. కాలువకు కొట్లాడే మనిషి ముందు కాలువ పారినట్టు మనసులో చూసి ఉండాల. లేనిదాన్ని ఉన్నట్టు చూడగలిగే కన్ను కల్పన ఇచ్చే కన్నే. ప్రత్యేక రాష్ట్రమంటే ఏంది? ఇంకా పటంలో లేని దాన్ని మనం చూస్తా ఉన్నాం గదా!

సత్యజిత్ రాయ్ 1969లో పిల్లల కోసం గూపీ గాయెన్ బాఘా బాయెన్ తీసినాడు. వాళ్ల తాత ఉపేంద్రకిశోర్ రాసిన కథ. ఒకడికి పాట రాదు, ఇంకొకడికి డోలు రాదు. ఊళ్లోంచి తరిమేస్తారు. అడవిలో దయ్యాల రాజు వరాలిస్తాడు. ఆఖరుకు యుద్ధం మొదలయ్యే వేళ వీళ్లిద్దరూ పాట పాడితే ఆకాశం నుంచి మిఠాయి కుండలు దిగుతాయి. తిండిలేక బక్కచిక్కిన సైనికులు కత్తులు పారేసి కుండల మీద పడతారు. యుద్ధం లేదు. ఆ ఉద్యోగ సంఘం పెద్దాయనను మేము అడుగుతున్నాం. అన్నా, ఇది కూటి కథ కాదా? ఆకలితో ఉన్నోని చేతికి కత్తి ఇచ్చినోడు ఎవడో పదేండ్ల పిల్లోనికి ఇంతకంటే సూటిగా ఏ కరపత్రం చెబుతుంది?

పాతాళభైరవినే తీసుకోండి. తోటమాలి కొడుకు రాజుగారి బిడ్డను కోరుకుంటాడు. నా అంత సంపద తెస్తేనే పిల్లనిస్తానంటాడు రాజు. సంపద చూపిస్తానని మాంత్రికుడొకడు వస్తాడు, చూపిస్తాడు కూడా, కానీ బలి ఇచ్చేందుకు చూపిస్తాడు. రాముడు గెలిచి మహలు కట్టుకుంటే, నమ్మినట్టుండే ఇంటిమనిషే మాంత్రికునికి అమ్ముడుపోతాడు. మహలుకు మహలే రాత్రికి రాత్రి ఎగిరిపోతుంది. 1953 అక్టోబరు 1న కర్నూలుకు వచ్చిన రాజధాని 1956 నవంబరు 1 నాటికి ఎట్లా మాయమైందో, దాన్ని ఎగరేసినప్పుడు మన ఇంటిమనుషులు ఎక్కడున్నారో పాఠంగా చెబితే పిల్లలు నిద్రపోతారు. ఈ బొమ్మ చూపించి తర్వాత చెప్పండి, ఎవడు మాంత్రికుడు, ఎవడు ఇంటిదొంగ అని వాళ్లే మిమ్మల్ని అడుగుతారు. (జవాబు చెప్పేటప్పుడు జాగ్రత్త. కొందరి మనవళ్లు అదే తరగతిలో ఉంటారు.)

ఇంకొక వైపు నుంచి ఇంకొక అభ్యంతరం వస్తుంది. హేతువాద మిత్రులు అంటారు, మూఢనమ్మకాలతో చస్తా ఉంటే దయ్యాలు, మంత్రాలు, ఎగిరే తివాచీలు చూపించి పిల్లల బుర్రలు ఇంకా చెడగొడతారా అని. ఇది ఊరికే కొట్టిపారేసే మాట కాదు. విభూతి రాల్చే స్వాములకు మన దగ్గర కొదవ లేదు. కానీ ఈ మిత్రులు మన జిల్లాలో ఎండాకాలం ఒక్క రాత్రన్నా భారతం మిట్ట మీద కూర్చున్నారా అని మా అనుమానం.

పాత చిత్తూరు జిల్లాలో పుట్టినోళ్లకు భారతమంటే పుస్తకం కాదు. ద్రౌపదమ్మ గుడి ముందర 18 దినాలు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, పైనుంచి నిమ్మకాయలు, పండ్లు విసురుతాడు, బిడ్డలు లేని ఆడోళ్లు కింద కొంగు పడతారు. ఆఖరు దినం మిట్టంత పొడవున దుర్యోధనుని మట్టిబొమ్మ పడుకొని ఉంటుంది. భీముడు దాని చుట్టూ తిరిగి తొడ పగలగొడతాడు. ఆ భీముడెవరు? పొద్దున మనింటికి పాలు పోసిన మనిషి. ఆ సంగతి మూడేండ్ల పిల్లోనికి కూడా తెలుసు. "అద్దో మన పాలాయన!" అని అమ్మ చంకలో నుంచి అరుస్తాడు. అరిచినోడే దుర్యోధనుడు పడినప్పుడు వణుకుతాడు. పాలాయన అని తెలుసు, భీముడనీ తెలుసు. రెండూ ఒకేసారి తెలిసినోడు మోసపోడు. మోసపోయేది భీముణ్ణి నిజం భీముడే అనుకున్నోడు, లేకుంటే కథ కట్టడం ఎట్లాగో ఎప్పుడూ దగ్గరనుంచి చూడనోడు.

అందుకే మేము చెప్పే పండుగలో రాత్రి బొమ్మ, పొద్దున గుట్టు. మాయాబజార్‌లో ఆ పడవ ప్రయాణంలో పారిన వెన్నెల వెన్నెల కాదు, మార్కస్ బార్ట్‌లే అనే కెమెరా మనిషి దీపాలతో పుట్టించిన వెన్నెల అని పిల్లలకు చెప్పాల. 1902లో చందమామ యాత్ర తీసిన ఫ్రెంచి మెలియెస్ అసలు వృత్తిరీత్యా ఇంద్రజాలికుడు. కెమెరా ఆపి, మనిషిని పక్కకు తప్పించి, మళ్లీ తిప్పితే తెర మీద మనిషి మాయమైపోతాడు. అంతే గుట్టు. ఈ దినం ప్రతి ఇంట్లో ఉన్న సెల్‌ఫోనుతో ఐదో తరగతి పిల్లోడు పది నిమిషాల్లో తన చెల్లెల్ని మాయం చేసి మళ్లీ తెప్పించగలడు. చేయించండి. చేతులతో మాయ చేసిన పిల్లోడు రేపు స్వామి ముందు చేతులు కట్టుకొని నిలబడతాడా? "స్వామీ, కట్ ఎక్కడ పెట్టినావు?" అంటాడు. హేతువాద మిత్రులు వందూర్లు తిరిగి చేసే పనిని ఒక్క పూట మెలియెస్ చేస్తాడు. వాళ్లూ మాతో రావాల. ఆ పొద్దుటి తరగతులు వాళ్లే నడపాల.

ఇంకొందరు, ఫోను పట్టుకుంటే లోకమంతా అందులోనే ఉంది గదా, బాహుబలి చూడని పిల్లోడు ఉన్నాడా, మళ్లీ పండుగ ఎందుకంటారు. బాహుబలి అందరూ చూసినారు, మేమూ చూసినాం. ఒకటి చెప్పండి. 2015లో ఆ బొమ్మ చూసినాక, శత్రువు కాలకేయులే ఎందుకు నల్లగా, అనాగరికంగా, అర్థంకాని భాషతో ఉండాల్సి వచ్చిందని ఏ పిల్లోనితో ఎవరన్నా మాట్లాడినారా? తెర మీద రాక్షసుడుగా చూపించబడే బాధ ఎట్లుంటుందో సీమోనికి తెలియదా? దానికి 58 ఏండ్ల ముందే కదిరి వెంకటరెడ్డి బొమ్మలో రాక్షసి కొడుకు ఘటోత్కచుడే నాయకుడు, నగల మీద మోజున్న నాగరికులే నవ్వులపాలు. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన వేసి మాట్లాడుకుంటే అది పండుగ. ఫోనులో ఒక్కడే దుప్పటి కప్పుకొని చూసేది పండుగ కాదు.

పోయిన ఎండాకాలం మేము చిన్న ప్రయత్నం చేసినాం. పత్రిక మిత్రులు నలుగురం, ఇద్దరు అయ్యవార్లు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఒక మగ్గాల సందు. తెల్ల పంచె రెండు గోడల నడుమ కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు పెట్టినాం. ముందు ఎర్ర బుడగ వేసినాం. ఫ్రెంచి లామొరీస్ 1956లో తీసిన బొమ్మ, 34 నిమిషాలే, మాటలు దాదాపు లేవు. ప్యారిస్ పిల్లోని వెంట ఒక ఎర్ర బుడగ కుక్కపిల్ల మాదిరి తిరుగుతుంది. అసూయపడిన పిల్లలు రాళ్లతో దాన్ని పగలగొడతారు. అప్పుడు ఊళ్లో బుడగలన్నీ లేచొచ్చి పిల్లోణ్ణి ఆకాశంలోకి ఎత్తుకుపోతాయి. బొమ్మ అయినాక చప్పట్లు. మాకు సంతోషం. అప్పుడు ముందు వరుసలో ఒక పాప, ఎనిమిదేండ్లు ఉంటాయేమో, లేచి అడిగింది. "సార్, ఆ బుడగ తిరిగి రాలేదు గదా. వచ్చినవి వేరేవి గదా."

మా దగ్గర జవాబు లేదు. పెద్దోళ్లం ఆరుమంది ఉన్నాం. ఆ బొమ్మను అంతకుముందు రెండుసార్లు చూసినోళ్లం. పోయింది పోయిందే అన్న సంగతి మాకు తట్టలేదు. పక్కనున్న పిల్లోడు, "అన్నీ వచ్చినాయి గదా, చాలదా?" అన్నాడు. "చాలదు" అనింది ఆ పాప. మగ్గం గుంటలో నుంచి వాళ్లమ్మ, "ఊరుకోమ్మీ, సార్లను విసిగించొద్దు" అని అరిచింది. విసిగించనీ అమ్మా! తెలుగు బొమ్మలన్నీ చూసి కూడా ఆ ప్రశ్న అడిగే చోటు ఆ బిడ్డకు ఇప్పటిదాకా దొరకలేదు. ఆ రాత్రి తర్వాత పాతాళభైరవి వేసినాం. ఎస్వీ రంగారావును చూసి సగంమంది పిల్లలు అమ్మల దగ్గరికి పరుగెత్తినారు. మళ్లీ తెర అంచు నుంచి తొంగిచూసినారు. మేమంతా చిన్నప్పుడు పుంగనూరు దారిలో డేరా టాకీసులో నేల టికెట్టు కొనుక్కొని, ఇసుక కుప్పపోసుకొని దాని మీద కూర్చొని ఇదే మొహానికి భయపడినోళ్లమే. ఆ డేరా పోయింది. ఆ భయం అట్లే ఉంది, చూసి ముచ్చటేసింది.

డబ్బు ఎక్కడిదంటారు. కేరళలో జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు 1984లో ఒడెస్సా అని ఒక బృందం కట్టినారు. ఊరూరూ తిరిగి జనానికి చాప్లిన్ బొమ్మ వేసి చూపించి, డబ్బా పట్టి, ఆ చిల్లరతో 1986లో అమ్మ అరియాన్ అనే సినిమానే తీసినారు. సినిమా తీసేంత డబ్బు జనం ఇస్తే, మూడూర్లలో తెర కట్టేందుకు మనకు పుట్టదా? ఆ కేరళే 2018లో ప్రభుత్వం తరఫున తిరువనంతపురంలో పిల్లల అంతర్జాతీయ చిత్రోత్సవం మొదలుపెట్టుకుంది. రేపు అమరావతిలో మేమూ పెడతామని మనోళ్లు అనొచ్చు. మంచిదే. కానీ మదనపల్లె నుంచి హైదరాబాదు ఎంత దూరమో అమరావతీ దాదాపు అంతే దూరం. గుంజ మారితే ఏనుగు మనింటికొస్తుందా?

హక్కుల మాట కూడా చెప్పేస్తాం. మన చట్టం ప్రకారం సినిమా మీద నిర్మాతకు హక్కు విడుదలైన ఏడు దాటినాక 60 ఏండ్లే. పాతాళభైరవికి 2011తో, మాయాబజార్‌కు 2017తో, జగదేకవీరుని కథకు 2021తో ఆ గడువు తీరిపోయింది. మాటలు, పాటల హక్కుది వేరే లెక్క, రంగులద్దిన మాయాబజార్‌దీ వేరే లెక్క. వకీలు మిత్రులు ముందే చూసి చెప్పాల. ఎవరి సొత్తూ దొంగిలించే పని మనకొద్దు.

ఎప్పుడు? నవంబరులో మాత్రం కాదు. ఆ నెల మనకు తుపాను ముసురు. బయట తెర కడితే తడిసి ముద్దవుతుంది. హైదరాబాదు క్యాలెండరు మనకెందుకు? శ్రీబాగ్ ఒడంబడిక దినం నవంబరు 16, ఆ దినం సభలు ఎట్లాగూ పెట్టుకుంటాం. పిల్లల పండుగకు ఎండాకాలమే సరి. మా ఆలోచన ఏందంటే, పుంగనూరులో భారతం అయిపోయిన మర్నాటి నుంచి మూడు రాత్రులు అదే మిట్ట మీద. జనం అప్పటికే రాత్రులు మేలుకొనేందుకు అలవాటుపడి ఉంటారు. పందిరి ఉంటుంది, దీపాలుంటాయి, బొరుగులమ్మే అవ్వ కూడా ఉంటుంది. మొదటి రాత్రి సినిమా కంటే ముందు తోలుబొమ్మలాట. అనంతపురం సీమలో నిమ్మలకుంట కళాకారులు ఇంకా తోలుకు రంగులేసి బొమ్మలు కోస్తా ఉన్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర, వెనక దీపం, కదిలే బొమ్మ. సినిమా పుట్టకముందే మన ఊర్లలో ఉన్న సరంజామా ఇదేనని పిల్లలు చూడాల.

కుప్పానిది ఇంకో తీరు. మూడు రాష్ట్రాల సరిహద్దు. అక్కడ పిల్లోడు ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష, బెంగుళూరు రైల్లో ఇంకొక భాష మాట్లాడతాడు. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి అక్కడుంది, నాలుగు దక్షిణాది రాష్ట్రాల సహకారంతో పుట్టింది. అరవిందన్ 1979లో మలయాళంలో తీసిన కుమ్మాట్టి చూపించేందుకు అంతకంటే మంచి చోటు ఉందా? బూచోడొకడు ఊరికి వస్తాడు, పిల్లలు వాని వెంటపడతారు, వాడు ఆటకు అందర్నీ జంతువులుగా మారుస్తాడు. తిరిగి మార్చేటప్పుడు కుక్క అయిన ఒక పిల్లోడు అక్కడ లేడు. ఏడాది పాటు కుక్కగానే ఊరంతా తిరుగుతాడు. మళ్లీ మనిషి అయినాక ఇంటికొచ్చి మొదట చేసే పని పంజరంలోని చిలకను వదలడం. మాటలు అర్థంకాని చోట పక్కన నిలబడి విద్యార్థి మిత్రులు చెప్పొచ్చు, తెలుగులో ఒకరు, తమిళంలో ఒకరు, కన్నడంలో ఒకరు. మూగ సినిమాల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. ఆ కొలువుకు నోటిఫికేషన్ అక్కరలేదు.

మదనపల్లెలో సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఆదిత్య 369 వేద్దామని ఉంది. కాలయంత్రమెక్కి కృష్ణదేవరాయల కొలువుకు పోయి, అక్కడి నుంచి 2504కు పోయే కథ. చూసినాక పిల్లలకు కాగితాలిచ్చి, యంత్రం మీకిస్తే ఏ సంవత్సరానికి పోతారో రాయమందాం. టాగూరు 1919లో మదనపల్లెలో ఉండి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాసినాడు, ఆ దినానికి పోయే పిల్లోడు ఒకడన్నా ఉంటాడు. 1956కు పోయి కర్నూలులో అడ్డంగా కూర్చుంటాననేవాడు కూడా ఉంటే ఉద్యమ పెద్దలు వానికి వేరే బహుమతి ఇచ్చుకోవచ్చు.

ఇప్పటికి పని ఇట్లుంది. పుంగనూరు భారతం పెద్దలతో ఒకసారి మాట్లాడినాం, ముందు బొమ్మల పేర్లు చెప్పమన్నారు. కుప్పం విద్యార్థి మిత్రుల నుంచి జవాబు రావాల. ఉద్యోగ మిత్రులు తలా ఇంత వేసుకుంటే ప్రొజెక్టరు అద్దెకు కాదు, సొంతానికే వస్తుంది. నిలదీసిన ఆ సంఘం పెద్దాయనే మొదటి చందా పంపినాడు, జతలో ఒక చీటీ, "గూపీ బాఘా ముందు వేయండి" అని. తెర గుడ్డ నీరుగట్టువారిపల్లె నేతన్నలు నేసిస్తామన్నారు. పట్టు మాత్రం కాదని ముందే చెప్పినారు.